చెరొక బ్యాటరీ

మాది ప్రొద్దుటూరు. పశువైద్య శాఖలో అసిస్టెంటు ఉద్యోగం. వేంపల్లెకూ పులివెందులకూ మధ్య ఉన్న ఈ ఊరికి బదిలీ అయినప్పుడు, అంతకుముందు జమ్మలమడుగు వైపు పనిచేసిన మా సీనియర్ ఒకాయన ఇచ్చిన సలహా ఒక్కటే: ఎవరింట్లోనూ కాఫీ తాగొద్దు, తాగితే రెండిళ్ళలోనూ తాగు. ఆ లెక్కన ఈ ఊళ్లో తాగినన్ని కాఫీలు నేను నా పెళ్లిలో కూడా తాగలేదు.

ఊరికి రెండు వీధులు, రెండు పార్టీలు. పైవీధి సుబ్బరత్నమ్మది, కిందవీధి బయపురెడ్డిది. పార్టీ అంటే జెండా రంగు అనుకునేరు. ఒక ఎన్నికల ముందు బయపురెడ్డి కండువా మార్చాడు. వారం తిరక్కుండా సుబ్బరత్నమ్మ కూడా మార్చి, ఆయన వదిలేసిన కండువానే వేసుకుంది. ఎవరు ఏ పార్టీలో ఉన్నా ఇద్దరూ ఒకే పార్టీలో ఉండకూడదన్నదే ఇక్కడి సిద్ధాంతం.

రెండు వీధులూ కలిసే కూడలిలో మా పశువుల ఆసుపత్రి. మిద్దె మీద సోలార్ పలకలు, లోపల రెండు పెద్ద బ్యాటరీలు. పగటి ఎండను దాచుకుని రాత్రికి ఇవ్వడం వాటి పని. రెండింటినీ కలిపి బిగిస్తేనే లోపల మందుల ఫ్రిజ్ తిరుగుతుంది, బయట స్తంభం మీద దీపం వెలుగుతుంది. ఒక్కదానితో ఏదీ నడవదు. ఊరి కరెంటు లేదా అంటారేమో. ఉంది, కానీ ఆ లైను మా ఆసుపత్రి దాకా రాలేదు, వచ్చినా దాన్ని నమ్మడానికి లేదు. ఈ ఊళ్లో ఎవరినైనా నరకాలంటే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకుతారు. సుబ్బరత్నమ్మ భర్త అలాగే పోయాడు, ఈ కూడలిలోనే. ఆ తర్వాత గొర్రెలు కాసే చిన్నన్న కూడా ఇక్కడే పోయాడు. పాపం, ఆయన ఏ పార్టీ వాడూ కాదు. చీకట్లో ఎవరనుకుని నరికారో ఏమో, అడిగితే రెండు పక్షాలూ మేం కాదంటాయి.

ఫ్యూజు పీకినా ఆరని దీపం ఒకటి వెలిసేసరికి దాని మీద ఇద్దరి కన్నూ పడింది. బ్యాటరీలు ఎవరి చేతిలో ఉంటే చీకటి వాళ్ళ చేతిలో ఉన్నట్టే కదా. మాటామాటా పెరిగి, పులివెందుల నుంచి పెద్దమనుషులు వచ్చి రాజీ చేశారు. ఇక్కడ రాజీ అంటే పంపకం. పొలం పంచినట్టే బ్యాటరీలు పంచి, చెరొకటి ఇళ్ళకు పంపారు. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప దీపం వెలగదు కాబట్టి ఎవరికీ మోసం జరగదట. ఫ్రిజ్ సంగతి నేను ఎత్తితే, "మనుషుల సంగతి మాట్లాడతాంటే గొర్రెల సంగతి తెస్తావేంది సార్?" అన్నారు. రాష్ట్రాన్ని ముక్కలు చేయొద్దని ఊరూరా సమ్మెలు జరుగుతున్న రోజులవి. ఈ పెద్దమనుషులే వేంపల్లె శిబిరంలో ముందు వరసలో కూర్చునేవారు. నాకు ఒళ్ళు మండేది, కానీ ఉద్యోగం చేసుకోవాలి కదా.

చిన్నన్న తమ్ముడు చిన్నసుబ్బయ్య. అతని భార్య యల్లమ్మ ఒకరోజు మేకపిల్ల కాలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చి, కట్టు అయిపోయినా లేవలేదు.

"ఆ దీపం మళ్ళా వెలగల్లంటే ఎట్ల సార్?"

"బ్యాటరీలు రెండూ రావాలి. పోయి అడుగు."

"దీపం కావల్లంటే, ఎవురికి భయపడి అడుగుతాండావు అంటారు. బయపురెడ్డిని అడిగితే ఆయమ్మకు భయపడినట్టు. ఆయమ్మను అడిగితే ఈయనకు భయపడినట్టు. ఆ పొద్దు నుంచి మేము గూడా ఒక పార్టీ అయిపోతాం."

చిన్నసుబ్బయ్య రోజూ మునిమాపు వేళ మందను తోలుకుని ఆ కూడలి దాటే దొడ్డికి పోవాలి. వేరే దారి లేదు. మంద దొడ్లో పడిన చప్పుడు వినేదాకా యల్లమ్మ ముద్ద ముట్టదు.

"నా మొగునికి శత్రువులు ఎవురూ లేరు సార్. మొగం కనపడితే ఆయప్పను ఎవురూ ఏమీ చెయ్యరు. మా బావను గూడా చేసుండరు."

దారి కూడా ఆమే కనిపెట్టింది. ఆమె మందలో సుబ్బరత్నమ్మ ఇంటివీ, బయపురెడ్డి ఇంటివీ వాటాకు మేపే గొర్రెలు ఉన్నాయి. ఆ ఏడు వల్లూరు వైపు పారుడు రోగం దిగింది. ముక్కులు కారి, పారుకుని గొర్రెలు పడిపోతున్నాయి. టీకా మందు వేంపల్లెలో ఉంది. మందలేమో కొండలోంచి ఒకటొకటిగా దిగుతాయి. అవన్నీ దిగేదాకా మందు చల్లగా ఉండాలంటే ఫ్రిజ్ కావాలి. కాబట్టి దీపం మాట ఎత్తకూడదు, ఫ్రిజ్ అడగాలి. గొర్రెల కోసం అడిగితే ఎవరికీ భయపడినట్టు కాదు.

ఇక మొదలుపెట్టింది తిరగడం. పొద్దున పైవీధి, సాయంత్రం కిందవీధి. వల్లూరులో ఇన్ని పోయాయట, ఫలానా రెడ్డి మంద తుడిచిపెట్టుకుపోయిందట అని రోజూ ఒక కబురు మోసుకుపోయేది. కొన్ని ఆమె కల్పించినవేనని నా అనుమానం. చివరికి ఇద్దరూ మెత్తబడ్డారు. అయితే ఎవరు ముందు ఇవ్వాలి? దానికి ఇంకో పంచాయితీ. సోమవారం పొద్దున రెండు బ్యాటరీలూ రెండు వైపుల నుంచి ఒకేసారి ఆసుపత్రికి రావాలని తేలింది. ఆదివారం యల్లమ్మ ఆసుపత్రి గుమ్మం ముందు నీళ్ళు చల్లి ముగ్గు వేసింది.

సోమవారం ఆ బ్యాటరీల కంటే ముందు జీపు ఒకటి వచ్చింది. దిగినాయన పేరు జిలానీ. ఇడుపులపాయ ఇంజనీరింగు క్యాంపస్‌లో పాఠాలు చెబుతాడు. చిన్నవాడే. ఫ్రిజ్ ఆగిపోయిందని వేంపల్లె ఆఫీసులో విని, సాయం చేద్దామని తనంతట తనే వచ్చాడు. వెంట ఒక పెట్టె తెచ్చాడు. అందులో ఉన్నవి సూపర్ కెపాసిటర్లట.

"బ్యాటరీ కడవ లాంటిది సార్. నిదానంగా నిండుతుంది, రాత్రంతా వంచుకోవచ్చు. ఇది చెంబు. క్షణంలో నిండుతుంది, ఒక్కసారే కుమ్మరిస్తుంది. ఫ్రిజ్ మోటారుకు కష్టమంతా మొదటి తోపులోనే. ఆ తోపు ఇది ఇస్తుంది. తర్వాత ఎండే నడుపుకుంటుంది. పగలు లోపల ఐసు కట్టుకుంటే రాత్రి ఆ చలే సరిపోతుంది. బ్యాటరీతో పనే లేదు."

"మరి బయటి దీపం?" అన్నాను.

"దీపానికి ఇది చాలదు సార్. రాత్రంతా కావాలంటే బ్యాటరీయే ఉండాలి."

నేను యల్లమ్మ వైపు చూశాను. గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది. జిలానీ వైర్లు బిగించాడు. ఫ్రిజ్ ఒకసారి ఉలిక్కిపడి తిరగడం మొదలుపెట్టింది. అప్పటికి సుబ్బరత్నమ్మ బ్యాటరీ ట్రాక్టరులో రేషన్ షాపు దాకా వచ్చింది. బయపురెడ్డిది ఆటోలో బడి దాటింది. ఎవడో నోటి దూల గలవాడు అటూ ఇటూ పరుగెత్తి కబురు చెప్పాడు. ట్రాక్టరు ఆగింది, ఆటో ఆగింది. ఇక అవసరం లేదు కదా అని రెండూ వచ్చిన దారినే తిరిగిపోయాయి. అందరూ సంతోషంగానే తిరిగిపోయారు. అదే నాకు మింగుడు పడలేదు.

టీకా మందు వచ్చింది. మందలు దిగినవి దిగినట్టు సూదులు వేశాను. యల్లమ్మ మందలో ఒక్క గొర్రె పోలేదు. ఊరంతా ఆమెను మెచ్చుకుంది. ఆమె మాత్రం మునుపటిలాగే మునిమాపు వేళ అన్నం ముందు పెట్టుకుని కూర్చుంటోంది.

పని పూర్తయ్యాక పెట్టె ఎలా ఉందో చూడటానికి జిలానీ మళ్ళీ వచ్చాడు. యల్లమ్మ ఎదురుపోయింది.

"నాయనా, నువ్వు చేసింది శానా గొప్ప పని. నా మంద నిలబడింది. ఇంగ ఆ పెట్టె తీసకపో."

"ఎందుకు పెద్దమ్మా? చెడిపోయిందా?"

"బాగుండాది. అందుకే తీసకపోమనేది. అది ఉన్నంతకాలం వాళ్ళిద్దరూ ఇండ్లల్లోంచి బ్యాటరీలు బయటికి తియ్యరు."

బ్యాటరీల పంపకం కథ నేను చెప్పాను. జిలానీ మొహం వాడిపోయింది. ఫ్రిజ్‌లో మందు ఏమీ మిగల్లేదని నన్ను అడిగి తెలుసుకుని, ఒక్కొక్క మరా విప్పాడు. చక్రాయపేట వైపు ఇంకో ఆసుపత్రికి కావాలన్నారని పెట్టె అటు తీసుకుపోయాడు.

యల్లమ్మ నన్ను తోడు రమ్మంది. ముందు బయపురెడ్డి ఇల్లు. కాఫీ వచ్చింది.

"ముందు ఆయమ్మను పెట్టమను. మొన్న సగం దారిలో తిప్పుకోని పోయింది ఎవురు?" అన్నాడు ఆయన. తన ఆటో సంగతి మరిచినట్టున్నాడు.

తర్వాత సుబ్బరత్నమ్మ ఇల్లు. మళ్ళీ కాఫీ. ఆమె వసారాలో చెనక్కాయలు ఒలుస్తోంది.

"మళ్ళా బ్యాటరీకే వచ్చినావా? ఇడుపులపాయ సారు పెట్టిన పెట్టె ఉండాది గదా."

"ల్యాదమ్మా. తీసకపోయినాడు."

"ఎందుకు?"

"నేనే తీసకపొమ్మంటి."

సుబ్బరత్నమ్మ చేతులు ఆగాయి.

"గొర్రెలకు సూదులు అయిపాయ. నాకు కావాల్సింది ఫ్రిజ్ కాదమ్మా. దీపం."

"ఎవురికి భయపడి?"

గుమ్మం దగ్గరున్న ఆమె మనుషులు ఇటు తిరిగారు. నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"మీ ఇద్దరికీ," అంది యల్లమ్మ. "మా బావను ఎవురు నరికిరో నేను అడగను. అడిగితే వచ్చేది ఏముండాది? నా మొగుని మొగం కనపడేంత వెలుగు ఇయ్యండి. అంతే."

సుబ్బరత్నమ్మ చేతిలోని కాయ చేటలో పడేసింది.

"నా మొగుడు పోయిన పొద్దు ఫ్యూజు పీకింది వాళ్ళు," అంది. "మీ బావ పోయిన పొద్దు..."

ఆ మాట అక్కడే ఆపేసింది. ఒళ్లోని పొట్టు దులుపుకుని లేచి, గుమ్మం దగ్గరున్న మనిషిని పిలిచింది.

"బ్యాటరీ ఎత్తు. ఆయన పెడతాడా లేదా అని చూడొద్దు. మనది పెట్టి రాపో."

ఒక పగలు, ఒక రాత్రి ఆ బ్యాటరీ మా ఆసుపత్రిలో ఒంటరిగా ఉంది. మర్నాడు బయపురెడ్డిది వచ్చింది. ఆడమనిషి ముందు పెట్టాక తాను దాచుకుంటే రేపు ఓట్లకు ఏ మొగం పెట్టుకుని పోవాలని అన్నాడట. పెద్దబుద్ధి పుట్టిందని నేను అనుకోను. బ్యాటరీ వచ్చింది, నాకు అది చాలు. రెండూ కలిపి బిగించాను.

ఆ మునిమాపు దీపం వెలిగింది. రెండు వీధుల వాళ్ళూ గడపల్లోనే నిలబడి చూశారు తప్ప కూడలిలోకి ఒక్కరూ రాలేదు. కాసేపటికి కొండ వైపు నుంచి చిన్నసుబ్బయ్య మందతో వచ్చాడు. వెలుగు మొదలయ్యే చోట ఆగిపోయాడు. మంద కూడా ఆగింది. ఇన్నేళ్ళూ చీకట్లో, గోడల నీడన దాటడం అలవాటైన మనిషి.

"అందరికీ కనపడతాం గదే!" అన్నాడు అక్కడి నుంచే.

యల్లమ్మ పోయి సరిగ్గా దీపం కింద నిలబడింది. నెత్తి మీది కొంగు తీసేసింది.

"కనపడనీ," అంది. "రా."

అతను గొంగడి సర్దుకుని వెలుగులోకి అడుగు పెట్టాడు. ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ మందను దొడ్డికి తోలుకుపోయారు.