గొడుగెక్కిన చీర ముక్క

నేను ఒక చిలకపచ్చ చీర ముక్కను. మూరెడు పొడవు, ఒక పక్క ఎర్రంచు. మా అయ్యగారు జోగారావు గారికి నేనంటే గిట్టదు. కాకినాడలో మా అమ్మగారు హైమవతమ్మ గారు నన్ను సూట్‌కేసు పిడికి కట్టిన రోజే, "అదేంటే, పెళ్ళివారి పెట్టెలాగ? విప్పెయ్," అన్నారు. అలాంటి నల్ల సూట్‌కేసులు విమానంలో ఇంకో వంద ఉంటాయని ఆయనకు తట్టలేదు.

మంగళగిరి మగ్గం మీద పుట్టి, పదిహేనేళ్ళు పేరంటాలు తిరిగాను. కుచ్చిళ్ళ దగ్గర చిరిగాక మిగతా చీరంతా దిండు గలీబులైంది. నేను ఇటలీ బయల్దేరాను. తోబుట్టువులు బాధపడతారని ఆ సంగతి చెప్పలేదు.

అయ్యగారు సర్వే శాఖలో ముప్పై రెండేళ్ళు చేసినవారు. చేతిలో పటముండగా గైడు వెనకాల గొర్రెల్లా తిరగడమేమిటని ఆయన వాదన. గైడుతో వెళ్ళే ఈ యాత్రకు చివరికి ఒప్పుకున్నారు గాని, షరతు పెట్టారు. "నాకు నచ్చకపోతే మళ్ళీ ప్రయాణం మాట ఎత్తకూడదు." కాలేజీలో భూగోళం చదివిన అమ్మగారు, చూడాల్సిన ఊళ్ళ జాబితా ఒకటి పోపులపెట్టె అడుగున దాచుకున్నారు. అయినా సరేనన్నారు.

వెనిస్‌లో మా గైడు లూచియా మాకు ఆనవాలుగా ఎత్తి పట్టుకునే జెండా గాలికెగిరి కాలవలో పడింది. ఆవిడ అమ్మగారినడిగి, సూట్‌కేసు నుంచి నన్ను విప్పించి గొడుగు కొసకు కట్టుకుంది. లోకాన్ని అంత ఎత్తునుంచి చూడటం నాకదే మొదలు.

మేం పదిమందిమే. అందుకే ఓ ముసలి వడ్రంగి తన ఇరుకు కొట్లోకి రానిచ్చాడు. పడవలో తెడ్డు ఆనించే కొయ్యను, నడిపేవాడి ఎత్తు చూసి మరీ చెక్కుతాడట. అమ్మగారిని ఎగాదిగా చూసి, ఆవిడకు సరిపడే కొయ్య తీసి చేతికిచ్చాడు. పెద్ద బస్సుల్లో వచ్చేవాళ్ళకు ఆ తలుపు తెరుచుకోదు. ఎవరు గుడ్డు తినరో, ఎవరికి మోకాళ్ళ నొప్పో లూచియాకు రెండో రోజుకే కంఠతా వచ్చేసింది.

ఆ కొట్టు దాటగానే అయ్యగారు, "మీరు పదండి, నేను పటం చూసుకుని వంతెన దగ్గర కలుస్తాను," అని వేరే సందులోకి తిరిగారు.

గంట గడిచింది. మమ్మల్ని పక్క దీవికి తీసుకెళ్ళాల్సిన పడవ వెళ్ళిపోయింది.

"పదిమందిమి వచ్చాం, పదిమందిమే వెళ్తాం," అని లూచియా వంతెన నడిమెట్టు మీద గొడుగెత్తి నిలబడింది. ఎవరూ విసుక్కోలేదు. మాతో వచ్చిన రాజమండ్రి మాస్టారు చేగోడీల పొట్లం విప్పారు.

"ముప్పై రెండేళ్ళు ఊళ్ళు కొలిచారండి," అన్నారు అమ్మగారు సందులవైపే చూస్తూ. "ఇవాళ ఊరే ఆయన్ని కొలుస్తోంది."

నవ్వారు గాని, చేగోడీ కొరకలేదు. మనిషి కోసం ఎంత బెంగో, జాబితా కోసమూ అంతేనని నాకు తెలుసు.

ఇంకాసేపటికి అయ్యగారు చెమటలు కక్కుతూ, నామీదే చూపు పెట్టుకుని వంతెనెక్కారు.

"కిటికీలో ఆరేసిన ఎర్ర దుప్పటిని గుర్తు పెట్టుకున్నానండి. తిరిగొచ్చేసరికి లేదు."

"ఆరిపోయుంటుందండి," అన్నారు మాస్టారు, మర్యాదగానే.

అయ్యగారు అందరివైపూ చూశారు. తన కోసం పడవ వదులుకుని కూడా, చేగోడీలు ముందుకు జరుపుతున్నారు. తలెత్తి నన్ను చూశారు. గొంతు సవరించుకుని, అందరికీ వినపడేటట్టే అన్నారు.

"ఇంటికెళ్ళగానే, పోపులపెట్టె అడుగున నువ్వు దాచిన ఆ కాగితంలో తరవాతి ఊరేదో చూడు హైమా. ఈ గుడ్డ విషయంలోనూ, గైడు విషయంలోనూ తప్పు నాదే."