చిక్కుడు గింజల విందు

ప్రతి అక్టోబరులో లాగే ఈసారీ మా గుమ్మం ముందు ఎండు చిక్కుడు గింజల సంచి పెట్టి వెళ్ళారు, మూతికి ఆకుపచ్చ రిబ్బను కట్టి. బ్రాకెన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ప్రతి మగవాడి ఇంటి ముందూ ఇలాంటి సంచి ఒకటి వాలుతుంది. గింజలు యూనివర్సిటీవి. వాటిని ఏరడం, నానబెట్టడం, ఉప్పుమాంసం ముక్కా నల్లబెల్లం పాకమూ వేసి పొద్దంతా ఓవెన్లో మగ్గబెట్టడం, ఆ బరువు గిన్నెను ఎత్తుకుని లైబ్రరీ ముందున్న పచ్చికలోకి మోయడం, కొత్తగా చేరిన పిల్లలకు వడ్డించడం, చివరికి మాడు గోకి తోముకోవడం భార్యల వంతు. దీన్ని మా ఊళ్ళో సంప్రదాయం అంటారు.

"ఈసారి మనకు పెద్ద సంచి పంపారు, చూశావా రోవీ?" అన్నాడు లైల్. సంతోషంతో మొహం చేటంత చేసుకున్నాడు. "వచ్చే ఏడాది మొదటి గిన్నె నువ్వే వడ్డించాలి."

మొదటి గిన్నె ప్రెసిడెంటు భార్య వడ్డిస్తుంది. అంటే, కెమిస్ట్రీ ప్రొఫెసరుగా వచ్చి డీన్ అయిన మా ఆయన, వచ్చే జనవరిలో ఈ యూనివర్సిటీకి ప్రెసిడెంటు కాబోతున్నాడని ఆ సంచికి కూడా తెలిసిపోయిందన్నమాట. నేను గింజలు సింకులో బోర్లించి నీళ్ళు వదిలాను. రాళ్ళు ఏరాను. మళ్ళీ ఏరాను. ఒక్కచోట నిలబడలేక వంటింట్లో కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటే, "నీకు సంతోషంగా లేదా?" అని పేపరు చాటునుంచి అడిగాడు. జవాబు కోసం పేపరు దించలేదు.

ఈ విందు కథ నాకు బాగా తెలుసు, నేను చెప్పే పాఠమే అది. యూనివర్సిటీ పెట్టిన మొదటి చలికాలం కాలువ గడ్డకట్టి పడవలు ఆగిపోయాయి. పిండి రాలేదు, మాంసం రాలేదు. రెవరెండ్ ఎజ్రా బ్రాకెన్ గారు మోకాళ్ళ మీద ప్రార్థన చేశారు. ఆయన భార్య టెంపరెన్స్ కడుపులో ఆరో బిడ్డను మోస్తూ మంచులో పొలాల వెంట తిరిగి, ఇంటింటా అడిగి చిక్కుడు గింజలు తెచ్చి, వసంతం వచ్చేదాకా విద్యార్థులందరికీ వండిపెట్టింది. ఏప్రిల్లో రెవరెండ్ గారు ఉపన్యాసమిస్తూ "దేవుడే మనల్ని పోషించాడు" అన్నారు. ఆయన విగ్రహం గేటు దగ్గరుంది, చేతిలో పుస్తకంతో. ఆవిడ పేరు మీద గింజలున్నాయి.

అమ్మాయిలను చేర్చుకున్న తొలి యూనివర్సిటీల్లో మాదీ ఒకటని ఏటా రంగుల కాగితాల్లో గొప్పగా అచ్చేస్తారు. ఆ అమ్మాయిలకు సోమవారాలు క్లాసులు ఉండేవి కావని మాత్రం వేయరు. సోమవారం అబ్బాయిల బట్టలు ఉతికే రోజు. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో అబ్బాయిలు నవ్వుతారు, అమ్మాయిలు ఒక్క క్షణం ఆగి నవ్వుతారు. ఆ ఒక్క క్షణం కోసమే నేను పాఠం చెబుతానేమో అనిపిస్తుంది.

నాకూ డాక్టరేటు ఉంది. పిల్లలను స్కూల్లో దింపి, స్టేట్ యూనివర్సిటీకి కారు నడుపుకుంటూ వెళ్ళి, వాళ్ళు తిరిగొచ్చే వేళకు ఇంట్లో ఉండి సంపాదించిన డాక్టరేటు. అది వచ్చిన రోజు మా అత్తగారు ఎడ్నా కేకు కోస్తూ, "ఇంట్లో ఇద్దరు డాక్టర్లయ్యారు, జలుబు చేస్తే ఒక్కరికీ మందు తెలీదు" అంది. అందరూ పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను, కేకు నేను చేసిందే కదా. అప్పటినుంచీ చరిత్ర శాఖలో ఒక్కో సెమిస్టరు లెక్కన పిలిచినప్పుడల్లా వెళ్ళి పాఠం చెబుతున్నాను. నా బల్ల లైబ్రరీ కింది అంతస్తులో, తుడుపు కర్రలు ఆరబెట్టే గదిలో ఉంది. ఆ గదికి కిటికీ లేదు. అయినా అందులో కూర్చుంటే నాకు ఊపిరాడుతుంది. ఇది లైల్‌కు ఎన్నిసార్లు చెప్పినా జోక్ అనుకున్నాడు.

ఈ ఏడు చరిత్ర శాఖవాళ్ళు మొదటిసారి నాకు సొంత కోర్సు ఇచ్చారు. జనవరిలో మొదలు. ఈ యూనివర్సిటీ చరిత్ర, వెనక గుమ్మంలోంచి చూస్తే ఎలా ఉంటుందో అది. వండినవాళ్ళది, ఉతికినవాళ్ళది, టైపు చేసినవాళ్ళది. కుర్చీలన్నీ నిండిపోయాయని, ఇంకా అడుగుతున్నారని గుమాస్తా చెప్పినప్పుడు, ఆ తుడుపు కర్రల మధ్య నిలబడి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

వారం తిరక్కుండానే యూనివర్సిటీ ధర్మకర్తల బోర్డు లైల్‌ను పిలిచి ప్రెసిడెంటు పదవి ఇస్తామంది. ఇది గింజల సంచి రాకముందు మాట.

"ఒక రూలుంది," అన్నాడు మర్నాడు టోస్టుకు వెన్న రాస్తూ. "భార్యాభర్తల్లో ఒకరు రెండోవాళ్ళకు పై అధికారి అయితే, ఇద్దరిలో ఒకరు తప్పుకోవాలి. ప్రెసిడెంటంటే అందరికీ పై అధికారే. నీకూ కాస్త విశ్రాంతి అనుకో. ఎన్నాళ్ళని ఆ కొట్టుగదిలో కూర్చుంటావ్?"

"నా కోర్సో?"

"దానికేముంది, ఎవరో ఒకరు చెప్తారు."

ఎవరో ఒకరు. ఒళ్ళు భగ్గుమంది. అయినా "ఆలోచించుకోనీ" అన్నాను. మా ఇంట్లో నేను ఆలోచించుకోనీ అంటే సరేనని అర్థం. ఇల్లు మారినప్పుడు, మూడో బిడ్డ వద్దనుకున్నప్పుడు, ఎడ్నా మా దగ్గరికి వచ్చేసినప్పుడు అలాగే జరిగింది. లైల్ టోస్టు తినేసి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ మధ్య ప్రెసిడెంటు ఇల్లు చూపిస్తానని ఫిలిస్ పిలిచింది. దిగిపోతున్న ప్రెసిడెంటు గారి భార్య. చూడచక్కని ఇల్లు. కింద అంతా యూనివర్సిటీది, పైన మూడు గదులు మాత్రం కాపురానికి. పళ్ళాల మీద కూడా యూనివర్సిటీ ముద్ర. హాల్లో సోఫా కొంచెం ఎండలోకి జరుపుకుంటే బాగుంటుంది కదా అన్నాను.

"కమిటీని అడగాలి," అంది ఫిలిస్. "నేనొకసారి అడిగాను. ఇంకా చర్చిస్తున్నారు."

"మీకు ఇక్కడ ఏది బాగా నచ్చింది?"

చాలాసేపు ఆలోచించింది పాపం. "పైన బాత్రూముకి గడియ ఉంది," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇన్నేళ్ళలో ఒక్క విందులోనూ వేడిగా తిన్లేదమ్మా రోవెనా. అందరి ప్లేట్లూ చూసుకుని కూర్చునేసరికి నా ప్లేటు చల్లారిపోయేది. నన్ను మెచ్చుకున్నారు మాత్రం, చాలా మెచ్చుకున్నారు," అంది. ఆవిడ ఒకప్పుడు పియానో వాయించేదట. ఎక్కడ వాయించేవారని అడిగితే, ఊరి పేరు ఠక్కున గుర్తు రాలేదు. నాకు అక్కణ్ణుంచి పరుగెత్తుకుని బయటికి రావాలనిపించింది.

ఇంటికొచ్చి లైల్‌తో చెప్పాను. "ఫిలిస్ ఎప్పుడూ అంతే, నీరసం మనిషి. నువ్వు చలాకీదానివి, చక్కగా నెట్టుకొస్తావ్," అన్నాడు. అది పొగడ్తే. నా జీవితమంతా ఇలాంటి పొగడ్తలతోనే గడిచింది. ఏ పని నెత్తిన పెట్టాలన్నా ముందు నేను చలాకీదాన్నయిపోతాను. కోపం ఎవరి మీదో కూడా తేల్చుకోలేకపోయాను. లైల్ చెడ్డవాడు కాదు. చెయ్యెత్తలేదు, తాగలేదు, నా పుట్టినరోజు మరిచిపోలేదు. మరి ఈ మనిషి పక్కన కూర్చుంటే నా కాళ్ళు ఎందుకిలా ఊగుతున్నాయి?

విందు రోజు మధ్యాహ్నం గిన్నె మోసుకుంటూ పచ్చికలోకి వెళ్ళాను. మేపుల్ చెట్లు ఎర్రబారాయి. పొడవాటి బల్లలు, కొత్త పిల్లలు, నల్లగౌన్లు తొడుక్కుని కూర్చున్న ప్రొఫెసర్లు. ఏప్రన్లు కట్టుకుని నిలబడ్డ మేము. కొన్నేళ్ళుగా పాఠాలు చెప్పే ఆడవాళ్ళూ గౌను వేసుకుని కూర్చుంటున్నారు. పాఠమూ చెబుతూ, ఇక్కడి ప్రొఫెసరు భార్యగా కూడా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. నేనెక్కడ కూర్చోవాలో ఎవరూ ఆలోచించలేదు, గింజల సంచి వచ్చింది కాబట్టి.

నా క్లాసు పిల్ల యోలాండా ప్లేటు పట్టుకుని నోరు తెరిచింది. "మేడమ్! మీరు వడ్డిస్తున్నారేంటి?"

"సంప్రదాయం."

"సోమవారం బట్టల్లాగానా?" అంది. అని, తప్పు మాట్లాడానేమోనని నాలుక కరుచుకుంది. గరిటెలో ఉన్న గింజలు సగం ఆ పిల్ల ప్లేట్లో, సగం బల్ల మీద పడ్డాయి. నా పాఠమే నాకు అప్పజెప్పింది, ఏమనను?

అప్పుడే బోర్డు అధ్యక్షుడు హోల్కోంబ్ గారు చెంచాతో గ్లాసు మోగించారు. మీసాల మీద పాకం అంటి ఉంది. లైల్ పేరు ప్రకటించారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, నిజంగానే కొట్టాను. ఆ ఉద్యోగం కోసం అతను ఎంత కష్టపడ్డాడో నాకంటే ఎవరికి తెలుసు?

"ఇందులో మనకు ఇంకో లాభం కూడా ఉంది," అన్నారు హోల్కోంబ్ గారు నవ్వుతూ. "ఒక్క జీతానికి ఇద్దరొస్తున్నారు! రోవెనా గారు జనవరి నుంచి క్లాసులు మానేసి, ఆ ఇంటిని చూసుకోవడానికి పెద్ద మనసుతో ఒప్పుకున్నారని లైల్ నిన్ననే చెప్పాడు. ఏదీ, ఆవిడకోసం కూడా చప్పట్లు!"

చప్పట్లు మొదలయ్యాయి. నేను లైల్ వైపు చూశాను. అతను చేతిలో బ్రెడ్డు ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి పరీక్షిస్తున్నాడు. నా పక్కన నిలబడ్డ ఫిలిస్ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ చేతులు ఏప్రన్ కింద ఉన్నాయి.

అరికాలి మంట నెత్తికెక్కింది. అరవాలనిపించింది, ఏడవాలనిపించింది, గిన్నె నేలకేసి కొట్టాలనిపించింది. గిన్నె మా అమ్మది, కొట్టలేదు. గరిటె దించి, బల్ల దగ్గర యోలాండా పక్కన చోటుంటే వెళ్ళి కూర్చున్నాను. చప్పట్లు తడబడి ఆగిపోయాయి.

"అలసిపోయారా?" అన్నారు హోల్కోంబ్ గారు ముద్దుగా.

"లేదండీ. నేనేదీ ఒప్పుకోలేదు. నన్నెవరూ అడగలేదు," అన్నాను.

"అయ్యో, రూలు సంగతి మీకు లైల్ చెప్పలేదా?"

"చెప్పాడు. ఇద్దరిలో ఒకరు తప్పుకోవాలట," అన్నాను. లైల్ అప్పటికి తలెత్తాడు. అతని కళ్ళలోకే చూస్తూ చెప్పాను.

"జనవరిలో నాకు క్లాసుంది, లైల్. మరి నువ్వేం చేస్తావో ఆలోచించుకో."