ఇసుక తిన్నె మీద కుర్చీ

బియ్యంలో రాళ్లు ఏరుతున్న ఉప్పలమ్మ చేతులు ఆగలేదు గాని, చెవి మాత్రం వాకిట్లో మొగుడి మాటల మీదే ఉంది. కచేరీ నుంచి వెంటబడి వచ్చిన పెద్దమనిషితో తనకొచ్చిన హిందీలో చెబుతున్నాడు భూషణం, ఈ జగదల్‌పూర్‌లో ఏ గోడ మీద ఏ వేళకు ఎంత వెలుగు పడుతుందో తన కళ్లకు తెలుసనీ, ఫోటోకు చోటు చూసే పని తనకొదిలేసి నిశ్చింతగా ఉండమనీ. ఆయన కళ్లకట! పొద్దు బారెడెక్కితే గాని తెరుచుకోని కళ్లు. చాటలో రాయి అనుకుని మంచి గింజనే తీసి పారేసింది ఉప్పలమ్మ.

పెద్దమనిషిని సాగనంపి లోపలికొచ్చాడు. "ఇన్నవా? పెద్దసారు ఇంటోల్ల పటం ఐతారం నాడు తీపిస్తరట. మనది శనివారం. రెండిటికీ చోటు చూసి పెట్టు. మనకైతే ఆ మద్దిచెట్టు నీడనే చాలు, పోయినసారి లెక్క."

పోయినసారి లెక్క అన్న మాట దగ్గర ఉప్పలమ్మ చేతులు ఆగిపోయాయి. ఆయన అది గమనించకుండానే కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు అడిగాడు.

భూషణం బస్తర్ సంస్థానంలో అడవి కచేరీ గుమాస్తా; పెద్దసారు ఆ కచేరీకి అధికారి. ఏటా దసరాకు విజయనగరం నుంచి జయపురం మీదుగా వెంకన్న అనే ఫోటోలాయన మూడుకాళ్ల డబ్బా బండిలో వేసుకుని వస్తాడు. రథం లాగడానికి వచ్చిన జనం తిరిగి ఊళ్లకు పోయాక కూడా కార్తీకం దాకా ఉండి కచేరీ కుటుంబాల పటాలు తీస్తాడు. ఆయనకు ఇక్కడ గదీ లేదు, తెరా లేదు. ఏది తీసినా ఆరుబయటే. ఊరు తెలియనివాడు కనుక మొదటి ఏడాది భూషణాన్ని అడిగాడు, మంచి చోటేదని. భూషణం పెళ్లాన్ని అడిగాడు. ఆమె చెప్పింది. సాగర్ చెరువు కట్ట మీద ఏ వేళకు గాలి నిలిచిపోతుందో, ఏ గోడకు సున్నం పెచ్చులూడకుండా ఉందో, ఇంద్రావతి రేవులో పొగమంచు ఎప్పుడు విడుతుందో ఆమెకు కాక ఎవరికి తెలుస్తుంది? తెల్లారకముందే నీళ్లకు పోయేది ఆమె, బట్టల మూట నెత్తికెత్తుకుని రేవుకు పోయేది ఆమె, పిడకలు ఎండేది ఎక్కడో వెతికేది ఆమె. నాలుగేళ్లుగా ఈ ఊళ్లో దిగిన పటాలన్నీ ఆమె చూపించిన చోట్ల దిగినవే. "భూషణం బాబుకు మంచి చూపుంది" అని పెద్దసారు మెచ్చుకున్న రోజు, ఆయన ఆ మాటను ఇంటికి తెచ్చి తల్లికి చెప్పుకుని మురిసిపోయాడు. దుర్గమ్మ కొడుక్కి దిష్టి తీసింది. దిష్టి తీయడానికి ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఇచ్చింది ఉప్పలమ్మే.

తెలుగు మాట్లాడే మద్దేడు పల్లెలో పుట్టింది ఉప్పలమ్మ. అక్కడ మడిలో దిగి నాట్లు వేసింది, ఇప్పపూలు ఏరింది, సంతలో నలుగురి ముఖాలు చూస్తూ నవ్వింది. ముసుగన్నది ఆమె ఎరగదు. జగదల్‌పూర్ వచ్చిన మొదటి వారంలోనే భూషణం చెప్పాడు: "ఈడ రాయపూర్ దిక్కు నుంచి వచ్చిన అయ్యల ఇండ్లల్ల ఆడోల్లు కొంగు కిందికి గుంజుకుంటరు. మనమే మొహం చూపించుకుంట తిరిగితే పల్లెటూరోల్లనుకుంటరు." అప్పటి నుంచి ఉప్పలమ్మ ముక్కు దాకా కొంగు లాక్కుని, కాలి బొటనవేళ్లు చూసుకుంటూ నడవడం నేర్చుకుంది. అలా నడుస్తూనే ఊరంతా చూసింది.

పోయినసారి పటం సంగతి ఇది. కూతురు ముత్తికి అప్పుడు పదకొండు నెలలు. పెద్దసారు పిల్ల కుర్చీలో ఒక్కతే మహారాణిలా కూర్చున్న పటం చూసొచ్చి, మన పిల్లను కూడా అట్లనే తీయాలన్నాడు భూషణం. నీడలో పటం దిగాలంటే అయిదు లెక్కపెట్టేదాకా కదలకూడదన్నాడు వెంకన్న. పదకొండు నెలల పిల్ల అయిదు లెక్కదాకా కదలకుండా ఉంటుందా? అలాంటప్పుడు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, తల నుంచి కాళ్ల దాకా నల్ల దుప్పటి కప్పేసి, ఆ ఒళ్లో పిల్లను కూర్చోబెడతారట. పట్టుకున్నది తల్లే గాని, పటంలో పడేది పిల్లా, గుడ్డా. అటు అత్త, ఇటు మొగుడు నిలబడ్డారు. దుప్పటి కింద ఊపిరాడక, చెమటలు కారుతూ, ముత్తి నడుము పట్టుకుని ఉప్పలమ్మ కూడా మనసులో అయిదు లెక్కపెట్టింది. కట్టుకున్న పెళ్లిచీర దుప్పటి కిందే నలిగింది.

ఆ వచ్చిన వానాకాలంలో మూడు రోజుల జ్వరంతో ముత్తి పోయింది. ఇంట్లో మిగిలింది గోడ మీది ఆ పటం ఒక్కటే. చూసినవాళ్లు, ఎంత పెద్ద కుర్చీ అంటారు. "కుర్చీ కాదమ్మా, మా కోడలు!" అని దుర్గమ్మ పగలబడి నవ్వుతుంది. వాళ్లూ నవ్వుతారు. మొదట్లో ఉప్పలమ్మ కూడా నవ్వింది. బిడ్డ పోయాక ఆ నవ్వు వినబడ్డప్పుడల్లా వంటింట్లోకి పోయి ఏదో ఒక గిన్నె తోముతుంది. బిడ్డ తన ఒళ్లో కూర్చున్న సంగతి ఆ పటం చెప్పదు. తను కూడా ఏదో ఒకనాడు పోతుంది. అప్పుడిక చెప్పేవాళ్లు కూడా ఉండరు. ఈ ఆలోచన వచ్చిన నాటి నుంచి ఆమెకు పటంలో తన ముఖం కావాలని ఉంది. ఆకలిలాంటి కోరిక. ఎవరితో అనగలదు? సింగారించుకునే వయసా అంటారు. ఇరవై నాలుగేళ్లు ఆమెకు.

ఇప్పుడు మళ్లీ ఒళ్లో మగపిల్లవాడు. తాత పేరు పెట్టారు, రామనర్సయ్య అని. పది నెలలు. మళ్లీ మద్దిచెట్టు నీడ, మళ్లీ నల్ల దుప్పటి.

బుధవారం మధ్యాహ్నం వెంకన్న మజ్జిగకని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. భూషణం కచేరీలో ఉన్నాడు, దుర్గమ్మ లోపల కునుకు తీస్తోంది. తలుపు చాటు నుంచే అడిగింది ఉప్పలమ్మ.

"అన్నా, లెక్కపెట్టకుండ పటం దిగే తరీక లేదా?"

"ఎందుకు లేదు చెల్లెమ్మా! ఎలుగు కావాల, అంతే. సుట్టూ తెల్లగా మెరిసిపోయే సోటు సూపించు, డబ్బా మూత తీసి పెట్టేయడమే. కన్ను మూసి తెరిసేంతలో అయిపోద్ది. అయితే ఎండ కళ్లల్లో పడకూడదు, అందరూ మొహాలు ముడిసేస్తారు."

"గప్పుడు పిల్లగాన్ని పట్టుకునేటోల్లు అక్కరలేదా?"

"అక్కర్లేదమ్మా. దుప్పటీ అక్కర్లేదు," అన్నాడు వెంకన్న. మూడేళ్ల కింద ఆ దుప్పటి కప్పింది తనేనన్నది గుర్తొచ్చిందో ఏమో, మజ్జిగ తాగేసి త్వరగా లేచిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి ఉప్పలమ్మకు వెతుకులాటే. మూడు పొద్దులు, రేవుకు పోయే నెపంతో, బట్టలు ఒడ్డున పడేసి నది వెంట నడిచింది. ఒకచోట ఇసుక బాగుంది గాని వెనక పడవలూ బురదా. ఇంకోచోట రాళ్ల నీడ. శుక్రవారం పొద్దున పడవ రేవు దాటాక మలుపులో దొరికింది ఆమెకు కావలసింది. వెండిలా తెల్లటి ఇసుక తిన్నె, మూడు వైపులా నీళ్లు. పొగమంచు విడిపోయాక పొద్దు పక్క నుంచి వస్తుంది, కళ్లలో పడదు. ఇసుక నుంచీ నీటి నుంచీ వెలుగు పైకి లేచి ముఖం మీద పడుతుంది. కొంగు తీసి, చేతిని ముఖం ముందు పెట్టుకుని, అటు తిప్పీ ఇటు తిప్పీ వేళ్ల మీద వెలుగు చూసుకుంటోంది.

ఆకు దొప్పల మోపుతో నది దాటుతున్న కోసి అనే ఆడమనిషి ఆగి చూసింది. దక్షిణాన కుంట అనే ఊరి దిక్కు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది, ఉప్పలమ్మతో తెలుగులోనే మాట్లాడుతుంది.

"ఏం పోగొట్టుకున్నవక్కా, గట్ల ఎతుకుతున్నవ్?"

"పోగొట్టుకోలేదే. పటం దిగేటందుకు చోటు చూస్తున్న. ఈడ కుర్చీ ఏస్తరు, మా అత్త ఈడ నిలవడతది, మా ఆయన ఆడ."

"మరి నువ్వు?"

కోసి మామూలుగానే అడిగింది. ఉప్పలమ్మ మాత్రం ఇసుకలో అడుగులు కొలిచి, అత్త పక్కన, కుర్చీకి ఎడమగా, కాలితో ఒక గీత గీసింది. "ఈడ" అంది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది, ఇటువంటి చోటు పెద్దసారు కూడా చూసి ఉండడని. ఆ ఒక్క మాటతో మద్దిచెట్టును మరిచిపోయాడు భూషణం. దుర్గమ్మే సణిగింది. "గంత దూరం నేను నడవాల్నా? దీని కాళ్లకు తిరుగుడు మరిగింది." ఆ మాట కొత్తది కాదు.

శనివారం చీకటి విచ్చేలోపల వంట చేసి, అత్తకు నీళ్లు పెట్టి, మొగుడి కోటు దులిపి, పిల్లవాడికి కాటుక పెట్టి, తను పెళ్లిచీర కట్టుకుంది. కుర్చీ నెత్తి మీద పెట్టుకుని, పిల్లవాణ్ణి చంకనేసుకుని ముందు నడిచింది. మంచు విడింది. వెంకన్న డబ్బా నిలబెట్టి చుట్టూ చూసి, "అబ్బ, ఏం ఎలుగండీ!" అన్నాడు. "నేను చెప్పలే?" అన్నాడు భూషణం.

కుర్చీలో పిల్లవాణ్ణి కూర్చోబెట్టారు. పట్టుకునేవాళ్లు అక్కరలేదని వెంకన్న పైకే చెప్పాడు. ఉప్పలమ్మ కొంగు సర్దుకుని, అత్త పక్కకు నడిచి, తను గీసుకున్న చోట నిలబడింది.

"నువ్వేడికి?" అన్నాడు భూషణం. "ఆ డబ్బా పక్కకు పో. గిలక ఆడించు, వాడు నీ దిక్కు చూడాలె. కచేరోల్లందరి చేతుల్ల తిరుగుతదీ పటం, నీ మొహమెందుకు అండ్ల?"

దుప్పటి కింద నుంచి బయటపడాలని మూడు పొద్దులు కష్టపడితే పటంలో నుంచే బయటపడింది. దుప్పటి కింద ఉన్నప్పుడు కనీసం బిడ్డ ఒళ్లో ఉంది. ఎక్కడ తప్పు చేశానా అని ఆలోచించింది. ఎక్కడా చేయలేదు. ఏ చోటు వెతికినా ఇంతే అయ్యేది. అయినా పోయి డబ్బా పక్కన నిలబడి గిలక ఆడించింది. అమ్మను చూసి బోసినోరంతా తెరిచి నవ్వాడు పిల్లవాడు. వెంకన్న మూత తీసి పెట్టేశాడు.

"అయిపాయె," అన్నాడు భూషణం కోటు విప్పుతూ. "వాన్ని ఎత్తుకుని కుర్చీ పట్టుకుని రా. అవునూ, రేపు పెద్దసారోల్లకు చోటేది? మనం దిగినకాడ వాల్లు దిగరు. అమ్మగారు మొన్నటి సంది అడుగుతున్నరు."

ఉప్పలమ్మ పిల్లవాణ్ణి ఎత్తి అత్త చేతికిచ్చింది. కుర్చీని మాత్రం ఎత్తలేదు. దానిలో కూర్చుంది. కొంగు తీసి భుజం మీద వేసుకుంది.

"అన్నా, పటం తీసేటందుకు ఇంకో పలక ఉన్నదా?"

"ఉందమ్మా," అంటూ వెంకన్న భూషణం వైపు చూశాడు.

"ఏంది గిది? లే!"

"సిగ్గు లేదానే?" అంది దుర్గమ్మ.

"రేపటి చోటు కావాల్నా వద్దా?" గొంతు తనది కాదేమో అనిపించేంత నెమ్మదిగా అంది ఉప్పలమ్మ. "నన్నొక్కదాన్ని తియ్యనీ. చెప్త."

భూషణం పళ్లు కొరికాడు. పెద్దసారు ముఖం, పెద్దసారు పెళ్లాం ముఖం, తనకున్న మంచి పేరు అన్నీ ఆయన కళ్ల ముందు తిరిగాయి కాబోలు, చివరికి నది వైపు తిరిగి, "తియ్యి," అన్నాడు వెంకన్నతో.

డబ్బా అద్దం ముందు ఆమెకు భయం వేసింది. నవ్వాలో కూడదో ఎవరూ చెప్పలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. నాలుగేళ్ల తర్వాత నలుగురి ముందు, ముసుగు లేని ముఖం మీద ఎండ పడింది, వెచ్చగా ఉంది. వెంకన్న మూత తీసి పెట్టేశాడు. కన్ను మూసి తెరిచేంతలో అయిపోయింది.

"ఇగ చెప్పు," అన్నాడు భూషణం. "ఏడ?"

ఉప్పలమ్మ లేచి, ఏడుస్తున్న పిల్లవాణ్ణి అత్త చేతుల్లోంచి తీసుకుంది.

"చూడలే," అంది. "మూడు పొద్దులూ నా చోటే ఎతుక్కున్న. పెద్దసారోల్లది నువ్వు పోయి చూసుకో, నేనిగ చూడ."