అవసరానికి ఉంచిన బ్యాటరీ

జయపాల్ మందు కొట్టే స్ప్రేయరులో రెండు బ్యాటరీలుంటాయి. పక్కనే ఒక మీట. ఎటు నొక్కితే అటు బ్యాటరీయే నడుస్తుంది, చార్జింగూ దానికే ఎక్కుతుంది. "మార్చి మార్చి వాడండి, ఊరికే ఉంచితే చస్తుంది" అని గుంటూరులో అమ్మినాయన చెప్పే పంపాడు. జయపాల్ తలూపాడు. తలూపడంలో ఆయన ఎప్పుడూ లోటు చెయ్యడు.

ఇంటికి రాగానే మీటను ఒకటి మీద పెట్టి, "రెండోది అవసరానికుంటుంది. ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు. ఇంట్లో ఉన్నది భార్య సంతోషకుమారి ఒక్కతే కాబట్టి ఎవరూ అంటే ఆమే.

ఆ ఇంట్లో అవసరానికుండే వస్తువులకి కొదవ లేదు. పాస్టరు గారొస్తే తియ్యాల్సిన గాజు కప్పులు, పాస్టరు గారొస్తే పరవాల్సిన దుప్పటి. ఆయనేమో వచ్చి, స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తాగి, ప్రార్థన చేసి వెళ్ళిపోతుంటాడు. కప్పులు మాత్రం బీరువాలో సిద్ధంగా ఉంటాయి.

"కప్పులు ఊరికే ఉంటే ఏమీ కాదండీ. బ్యాటరీ అలా కాదు," అంది సంతోషకుమారి. ఆమె డిగ్రీలో ఫిజిక్సు చదివింది.

"వాడితే అరుగుతుంది గానీ, దాస్తే చస్తుందా ఎక్కడన్నా? నీ చదువు నీ దగ్గరుంచుకో."

ఉంచుకుంది.

ఆ తర్వాత ఆమె వాదించలేదు. చార్జింగ్ నిండి పచ్చ లైటు వెలిగాక, ఆయన టీకొట్టుకి వెళ్ళిన సందు చూసి, స్ప్రేయరు అడుగు మూత విప్పేది. మీట వెనకున్న రెండు ఎర్ర వైర్లనీ అటుదిటు, ఇటుదటు మార్చి బిగించేసేది. పైన మీట ఒకటి మీదే ఉండేది. లోపల నడిచేది రెండోది. అది నిండాక మళ్ళీ మార్చేది. జయపాల్ ఒకటో బ్యాటరీనే వాడుతున్నాననుకుంటూ, రెండోది దాచాననుకుంటూ హాయిగా ఉన్నాడు. "చూశావా, ఒక్కదాంతోనే ఎట్లా నెట్టుకొస్తున్నానో" అనేవాడు. ఆమె చారులోకి చింతపండు పిసుకుతూ వినేది.

మిరప పూత మీదున్నప్పుడు నల్ల తామర పురుగు దిగింది. అది పువ్వులో దూరి కూర్చుంటుంది. మందు ఆలస్యమైతే పూత రాలుతుంది, పూత రాలితే ఆ కౌలు చేలో ఈ ఏడు కోసేందుకు కాయే ఉండదు. ఆ రాత్రి చార్జింగ్ పెడితే కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది. పచ్చ లైటు వెలగనే లేదు. సంతోషకుమారి వైర్లు మార్చే లోపే, పొద్దున్నే గాలి లేదని జయపాల్ స్ప్రేయరు భుజాన వేసుకున్నాడు.

డ్రమ్ములో మందు కలిపేశారు. కలిపింది ఇక రేపటికి పనికిరాదు. సగం చేను అయ్యేసరికి స్ప్రేయరు మూలిగింది. తుంపర పోయి చుక్కలు పడ్డాయి.

పక్క చేలోంచి సిలార్ నవ్వాడు. "ఏం బావా, మొక్కకో ఉద్ధరిణె తీర్థం పోస్తున్నావా?"

"నవ్వరా నవ్వు. ఇట్లాంటి రోజుకనే దాచాను," అంటూ జయపాల్ మీట మీద వేలు పెట్టాడు.

గట్టు మీద నీళ్ళ బిందెతో నిలబడ్డ సంతోషకుమారి బిందె దించి ఆ మీట వంకే చూసింది. బ్యాటరీ మీద ఆమెకి అనుమానం లేదు. అనుమానమల్లా తన బిగింపు మీదే. క్రితంసారి వైరు బిగిస్తుండగా గేటు చప్పుడై, గబగబా మూత పెట్టేసింది. ఆ వైరు ఊడిందంటే చేను సగంలో ఆగిపోతుంది. స్ప్రేయరు విప్పారంటే తన నిర్వాకమూ బయటపడుతుంది. చేను కోసం ప్రార్థించింది. నిర్వాకం సంగతి దేవుడికి ఎటూ తెలుసు.

మీట అటు పడింది. స్ప్రేయరు గుయ్యిమంది. తుంపర పొగలా లేచింది. డ్రమ్ము ఖాళీ అయి, చివరి సాలు తడిసేదాకా ఆగలేదు.

"చూశావురా సిలారూ! కొన్నప్పట్నించీ చెయ్యి పడని బ్యాటరీ. కొత్త పెళ్ళికొడుకులా ఎట్లా ఉరికిందో! దాచుకున్నది ఎక్కడికీ పోదురా."

"అంతేనండీ," అంది సంతోషకుమారి, ఖాళీ బిందె చంకనెత్తుకుంటూ.

సిలార్ నవ్వు ఆపి తన స్ప్రేయరు వంక చూసుకున్నాడు. అదీ రెండు బ్యాటరీలదే. అప్పటిదాకా అమ్మినవాడు చెప్పినట్టే మార్చి మార్చి వాడుతున్నాడు.

ఆ వారంలోనే సిలార్ భార్య రహిమున్నీసా వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"వదినా, అన్నయ్య ఏం చెప్పాడో ఏమో, మా ఆయన రెండో బ్యాటరీని ముట్టనివ్వడం లేదు. మీటకి ప్లాస్టరు కూడా వేశాడు. వాడకుండా ఉంచితే నిజంగానే అంత బాగుంటుందా?"

సంతోషకుమారి ఆలోచించింది. ఉన్నది చెబితే జయపాల్ టీకొట్టు దగ్గర తలెత్తుకోలేడు. చెప్పకపోతే పురుగు దిగిన రోజు సిలార్ చేలో మీట నొక్కినా ఏమీ పలకదు.

"బాగుంటుంది వదినా, కాకపోతే దానికి కాస్త ఆడవాళ్ళ పనుంది," అంటూ పీట దగ్గరికి జరుపుకుంది. "మీ ఆయన మధ్యాహ్నం కాసేపు పడుకుంటాడా?"