గోడ మీద జాగా

నీలం పొడి అద్దిన దారాన్ని బిగించి పట్టి టప్పున వదిలాడు హన్మంత్. తెల్లసున్నం మీద తిన్నని గీత పడింది. రెండో కొస పట్టుకున్న పాస్టర్ దివాకర్ ఇస్త్రీ చొక్కా మీద కూడా కాస్త పొడి రాలింది. హన్మంత్ చూశాడు గానీ చెప్పలేదు. తెల్లచొక్కా తొడుక్కున్నంత మాత్రాన పెద్దమనిషి అయిపోతాడా అనుకున్నాడు.

శేరిగూడలో ఓ చిన్న చర్చి గోడ అది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల గోడరాతల పనంతా ఫ్లెక్సీ మిషన్లు ఎగరేసుకుపోయాక హన్మంత్‌కు మిగిలినవి ఇలాంటి చర్చి గోడలే. అంతమాత్రాన పాస్టర్ల మీద గౌరవమేమీ పుట్టలేదు. అసలు అతనికి ఎవరిమీదా గౌరవం లేదు. ఫ్లెక్సీలవాళ్ళు దొంగలు. కాలేజీ పిల్లలు సొంత పేరు తెలుగులో రాయలేని సన్నాసులు. లీడర్లకు తమ మొహం కనబడితే చాలు, కింద అక్షరం వంకర పోయినా పట్టదు. "హన్మంత్ చెయ్యి తప్పు రాయదు" అని తానే అని, తానే విని, తానే తలూపుకునే రకం. ఊళ్ళో ఇంకెవరూ ఆ మాట అనకపోవడం అతనికి వింతగా కూడా తోచేది కాదు.

పొద్దున బయల్దేరుతుంటే కూతురు నర్మద అడ్డమొచ్చింది. "బాపూ, రాత్రంత ఎడమ జబ్బ గుంజుతుందంటివి. దవాఖానకు పోదాం పా."

"బ్రష్షు పట్టే చెయ్యి గుంజక ఏం జేస్తది? డాక్టర్లకేమెర్క!" అని ఆమెను విదిలించి వచ్చాడు. అతనిది ఎడమ చేతివాటం.

దివాకర్ ఇవాళ మంచి ఉత్సాహంలో ఉన్నాడు. సువార్తలు ఎప్పుడు రాశారు, వాటిని ఎందుకు నమ్మవచ్చు అన్న విషయం మీద సాయంత్రం కాలేజీ పిల్లల ముందు మాట్లాడాలి. ఆ ఉపన్యాసాన్ని ముందుగా హన్మంత్ మీద ప్రయోగిస్తున్నాడు.

"అన్నా, ఈజిప్టుల అరచేతంత ముక్క ఒకటి దొరికింది. యోహాను సువార్తది. ఏసు పోయినంక నూరు, నూటయాభై ఏండ్లకు రాసిందంటరు."

"దాని మీద తారీకున్నదా?"

"లేదు. అక్షరాల తీరు జూసి చెప్తరు."

హన్మంత్ ఫక్కున నవ్వాడు. "పడుసుతనంల ఎట్ల రాసిన్నో ఇప్పుడు గట్లనే రాస్త. నా గోడ జూసి ఏ ఏట రాసిన్నో చెప్పుమను మీ పండితులను!"

"గందుకే యాభై ఏండ్లు అటో ఇటో అంటరన్నా. ఇదే ఏడని ఖరారు జెయ్యరు."

"అటో ఇటో అనేదానికి ఒక మీటింగు, మల్ల మైకు!"

దివాకర్ నొచ్చుకోలేదు. అతనికి నొచ్చుకోవడం రాదు, అదీ హన్మంత్‌కు చిరాకే. "మొదట రాసిన అసలు ప్రతులు ఒక్కటి గూడ మిగల్లేదన్నా. ఉన్నయన్ని నకళ్ళే. రాసినోళ్ళు తప్పులు గూడ మస్తు జేసిండ్రు. కండ్లు జారి వరుసకు వరుసే ఎగరగొట్టినోళ్ళున్నరు."

"జూసి రాసుడు గూడ చాతగాలే! తాగి రాసిండ్రా ఏంది?"

"గక్కడ్నే ఉన్నది కత. నకళ్ళు వేలల్ల ఉన్నయ్. ఒకడు వరుస ఎగరగొడితే, వాన్ని జూసి రాసినోళ్ళంత గదే ఎగరగొడ్తరు. మిగిలినోళ్ళ తాన ఆ వరుస ఉంటది. అన్ని పక్కపక్కన పెడితే తప్పు ఏ చేతిల పుట్టిందో దొరుకుతది." దివాకర్ ఫోను తీశాడు. "ఇగో, ఇది జూడు."

ఫోనులో మూడు చర్చిల గోడలు. మూడింటి మీదా కొండమీద ఏసు చెప్పిన ధన్యుల మాటలే. దీనులు ధన్యులు, సాత్వికులు ధన్యులు, ఇలా ఒకదాని కింద ఒకటి. మూడింట్లోనూ దుఃఖపడేవాళ్ళు ధన్యులు, వాళ్ళకు ఓదార్పు దొరుకుతుంది అన్న వరుస లేదు.

"రావిర్యాలది పాతది. అక్షరాలు ముద్దుగున్నయని దాన్నే ఫోటో తీస్కపోయి కడమ రెండు రాసిండ్రు. సాయంత్రం పిల్లలకు ఇదే జూపిద్దామనుకుంటున్న. పేరు జెప్పన్లే. రావిర్యాలది నీ చెయ్యే గదన్నా?"

హన్మంత్ గోడవైపు తిరిగాడు. మాటిమాటికీ బ్రష్షు కడగడం ఎవడికి ఓపిక? అందుకని రంగు మారే మాటను ముందుగా గోడంతా రాసేయడం అతని పద్ధతి. రావిర్యాలలో కూడా 'ధన్యులు' అనే మాటను నడిమధ్యన ఎర్రరంగుతో పైనుంచి కిందికి వరుసగా దించాడు. తర్వాత నల్లరంగుతో అటూ ఇటూ నింపుకుంటూ వచ్చాడు. చివరికి అట్టడుగున ఒక ఎర్రమాట మిగిలిపోయింది. గీతలు కొట్టడంలో ఒకటి ఎక్కువైందనుకుని, కిరోసిన్ గుడ్డతో దాన్ని తుడిచేశాడు. పాస్టరిచ్చిన కాగితం జేబులోనే ఉంది. తీసి చూడలేదు. హన్మంత్ చెయ్యి తప్పు రాయదు కదా!

"గా పాస్టరిచ్చిన కాగితంల్నే లేకుండె" అన్నాడు. అది అబద్ధమని తనకే తెలుసు. "నలుపు తక్కువున్నది. తెస్త" అని సామానంతా మోపెడ్‌కు తగిలించుకుని, వెనక్కి చూడకుండా రావిర్యాల దారి పట్టాడు. దారి పొడవునా తిట్టుకుంటూనే ఉన్నాడు. ఇన్నేళ్ళుగా ఆదివారం ఆదివారం ఆ గోడకింద కూర్చునే భక్తులకు కళ్ళు లేవా? ఒక్కడన్నా చదివాడా? గొర్రెల మంద! ఎవరిని తిట్టినా నోట్లో చేదు పోలేదు. సాయంత్రంలోగా ఆ వరుస గోడమీద పడాలి. పడకపోతే ఇన్నాళ్ళ బడాయి బూడిదే.

రావిర్యాల చర్చిలో బాలనర్సమ్మ వాకిలి ఊడుస్తోంది. వయసులో అతనికన్నా పెద్దది. చదువు రాదు.

"ఏంది తమ్మీ, మల్ల రంగులేస్తవా?"

"ఒక వరుస తక్కువున్నదక్కా. ఏడ్చేటోల్లది."

ఆమె చీపురు పక్కన పెట్టింది. "మా పెద్దోడు పోయినప్పుడు పాస్టరమ్మతోని గీ గోడ సదివిచ్చుకున్న. సావుకాడ ప్రార్థనల గా మాట ఇన్న. గోడ మీద మాత్రం రాలె. మా అసోంటోల్లకు ఈడ జాగ లేదేమో అనుకున్న."

హన్మంత్ నోటికి ఒక్క తిట్టూ రాలేదు. "జాగ ఉండెనక్కా. నేనే తుడిచిన" అన్నాడు. జీవితంలో అతను అలా ఒప్పుకోవడం అదే మొదలు.

అట్టడుగున తుడిచేసిన చోట ఎర్రటి మరక ఇంకా లీలగా ఉంది. దాని ముందు గొంతుకూచున్నాడు. ఈసారి ఎరుపు జోలికి పోలేదు. నలుపు తప్పు లేకుండా పడ్డాకే ఎరుపు అనుకున్నాడు. శేరిగూడ గోడకని దివాకర్ రాసిచ్చిన కాగితంలోనూ ఈ ధన్యుల మాటలే ఉన్నాయి. దాన్ని ఎదురుగా రాయికింద పెట్టుకుని, ఒక్కో మాటా రెండుసార్లు చదివి, మరక విడిచిపెట్టి అటూ ఇటూ రాశాడు. చెమట ధారగా కారుతోంది. చెయ్యి గుంజుడు మెడదాకా పాకింది.

"అయిందా తమ్మీ?"

"ఎరుపు మిగిలింది. జరంత కూసోని రాస్త" అని మెట్టు మీద కూర్చుని గోడకు తల ఆనించాడు.

బాలనర్సమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి అతను అలాగే కూర్చుని ఉన్నాడు. పిలిచింది. భుజం కదిపింది. తర్వాత చెంబు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నర్మద వచ్చింది, ఏడ్చింది. తండ్రిని ఇంటికి తీసుకుపోయింది. పొద్దువాలాక మీటింగు మానేసి దివాకర్ వచ్చాడు. చొక్కా మీద నీలం పొడి ఇంకా అలాగే ఉంది.

"ఏం రాసిండో జర సదువు కొడుకా" అంది బాలనర్సమ్మ.

దివాకర్ వంగి చదివాడు. నడిమధ్య ఖాళీ దగ్గర ఆగకుండా, అక్కడ లేని మాటను కూడా కలిపి చదివాడు. ఆమె విని తలాడించి, మళ్ళీ చదవమంది.

మెట్టు మీద ఎర్రరంగు డబ్బా ఉంది, మూత తీయకుండా.