మూడు పల్చని పూతలు

మంగళవారం సాయంత్రం క్రేనుకు పసుపు రంగు వేసి కుంచె కడుక్కున్నప్పుడు పైవాడికి కలిగిన తృప్తి బుధవారం తెల్లవారేసరికి ఆవిరైపోయింది. ఆవిరి కావలసిన రంగు మాత్రం కాలేదు. చూపుడువేలితో మెల్లగా తాకితే వేలు అతుక్కుంది. లాగితే ముద్ర పడింది.

క్రేను అంటే అసలు క్రేను కాదు, దానికి నూరోవంతు నమూనా. మూరెడు ఎత్తు. ప్లాస్టిక్ రేకులు కోసి, ఇత్తడి తీగతో నిచ్చెనలు అల్లి, అయిదు నెలలు కూర్చుని చేసింది. అసలు క్రేనును నిరుడు రేవువాళ్ళు ముక్కలు చేసి పాత ఇనుము కింద అమ్మేశారు. దాని గదిలో, మేఘాలకు దగ్గరగా, ఇరవైయేడేళ్ళు కూర్చున్నాడు కనుక అతనికి పైవాడు అని పేరు వచ్చింది. సరుకు దిగడం ఆలస్యమైతే కూలీలు తలలెత్తి, "అంతా పైవాడి దయ!" అని నవ్వుకునేవారు.

ఆ ఇరవైయేడేళ్ళూ కింద, ఓడ అంచున నిలబడి చేతులతో సైగలు చేసి అతన్ని నడిపించిన మనిషిని గద్ద అనేవారు. అంత చురుకైన చూపు. ఆ చూపే ఇప్పుడు పోయింది. కంటి నరాలు దెబ్బతిని, రెండేళ్ళలో లోకమంతా మసకై, కిటికీ ఎటుందో గోడ ఎటుందో తెలిసేంత వెలుగు మాత్రం మిగిలింది. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి పెద్ద కూతురు కారు తీసుకుని వస్తుంది. అతను ఆమెతో వేరే ఊరికి వెళ్ళిపోతాడు, ఇక అక్కడే ఉంటాడు. వెళ్ళేలోగా క్రేనును అతని చేతుల్లో పెట్టాలన్నది పైవాడి పట్టుదల. వేళ్ళతో చూడవలసిన మనిషికి ఇచ్చే వస్తువు కనుక, రంగు పైపైన ఆరితే చాలదు. లోపలిదాకా గట్టిపడాలి.

తొందరలో జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చి వేడిగాలి కొట్టాడు. పది నిమిషాలకు రంగు పాలమీగడలా ముడతలు పడింది. క్రేను చేయి కొస కాస్త కిందికి వాలింది. అప్పుడు అక్కకు ఫోను చేశాడు.

అక్క అతనికంటే మూడేళ్ళు పెద్దది. కాలేజీ రసాయనశాలలో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఏది ఎందుకు ఆరుతుందో, ఏది ఎందుకు ఆరదో కనిపెట్టి చూసిన మనిషి. వస్తూనే చెప్పులు విడిచి, కళ్ళద్దాలు తుడుచుకుని, బల్ల మీదికి వంగింది.

"ఎన్ని పూతలు వేశావురా?"

"ఒక్కటే అక్కా. దిట్టంగా వేశా."

"ఇది పూత కాదురా, దుప్పటి. ఇంత మందంగా ఎందుకు కప్పావు దానికి?"

"రేవులో అలాగే వేసేవాళ్ళం. పల్చగా వేస్తే ఉప్పుగాలికి ఆర్నెల్లలో తుప్పు పట్టేది."

"నీ గదిలో సముద్రం ఎక్కడుందిరా?"

పైవాడికి చేసిన తప్పు అప్పుడే తెలిసింది: అతని చేయి నమూనాకు రంగు వేయలేదు, ఇరవైయేడేళ్ళుగా ఎరిగిన ఇనుముకు వేసింది.

"ఇది నీళ్ళలా ఆరిపోయే రంగు కాదు" అంది అక్క, గొంతు తగ్గించి. "ముందు ఇందులో కలిపిన పల్చటి నూనె ఎగిరిపోతుంది. అది సగం పనే. మిగతా సగం, రంగు గాలిని పీల్చుకుని గట్టిపడటం. నువ్వేమో వేడి కొట్టి పైన మూత పెట్టావు. ఇక లోపలున్నదానికి ఊపిరేదీ? ఇలాగే వదిలితే నెలైనా పచ్చిగానే ఉంటుంది."

"మరి ఏం చేద్దాం?"

"తీసేద్దాం."

"అయిదు నెలల పని అక్కా!"

"అయిదు నెలల పని ప్లాస్టిక్కుది. రంగుది ఒక్క సాయంత్రం. పోయేది ఆ సాయంత్రమే. ఏడవకుండా పాత పళ్ళ బ్రష్షు పట్రా."

బాల్కనీలో కూర్చుని, టర్పెంటైన్‌లో బ్రష్షు ముంచి, ఇద్దరూ మెల్లగా రంగంతా గీకేశారు. తర్వాత సబ్బునీళ్ళతో కడిగారు. వాలిన కొసను వేడినీళ్ళలో మెత్తబరచి, స్కేలుకు ఆనించి నిటారు చేశారు. రెండు అట్టపెట్టెలను కలిపి అతికించి అక్క ఒక గూడు తయారుచేసింది. అడుగున ఒక పక్క నాలుగు కన్నాలు, పైన ఎదురు పక్క నాలుగు, మూలన చిన్న బల్బు, దానికి అడ్డంగా డబ్బా రేకు, మధ్యలో వేలాడే థర్మామీటరు.

"వేడిగాలి పైనుంచి పోతుంది, కొత్తగాలి కిందనుంచి వస్తుంది. నలభై డిగ్రీలు దాటనివ్వకు. జ్వరం వచ్చినంత, అంతే."

రంగు పల్చన చేసి, కింది ప్లాస్టిక్కు కనిపించేంత తేలికగా బుధవారం సాయంత్రం మొదటి పూత వేశారు. గురువారం పొద్దున రెండోది, మధ్యాహ్నం దాటాక మూడోది. వేసిన ప్రతిసారీ అదే రంగును ఒక ప్లాస్టిక్ చెంచాకు కూడా పూసి, గూటిలో పక్కనే ఉంచారు. తాకి చూడాలంటే చెంచానే తాకాలని అక్క కట్టడి. అయినా గంటకోసారి పైవాడి చేయి క్రేను వైపు సాగేది.

"చేయి తియ్! అరవై ఆరేళ్ళొచ్చాయి, చంటివాడికంటే అన్యాయం."

గురువారం సాయంత్రం గూటి ముందు టీ తాగుతూ అక్క అడిగింది: "ఆ గద్ద అంటే నీకు అంత ఎందుకురా?"

పైవాడు గ్లాసు కింద పెట్టాడు. "ఒకరోజు దుంగలు ఎత్తుతున్నా. కింద ఆరుగురు నడుస్తున్నారు. ఉన్నట్టుండి రెండు చేతులూ పైకెత్తి ఆపమన్నాడు. ఎందుకో నాకు తెలీదు. ఆపేశా. మనుషుల్ని తరిమేసి, సరుకును ఖాళీ చోటికి తిప్పించాడు. నేలకు జానెడు ఎత్తులో ఉండగా ఇనుపతాడు తెగింది. ఒక్క పోగు లేచిందట. కిందనుంచి చూశాడు. ఆ ఆరుగురి ఉసురు నాకు తగలకుండా కాపాడినవాడు అక్కా."

"అతనితో చెప్పావా?"

"మా సైగల్లో ఎత్తు, దించు, ఆపు ఉన్నాయి. దానికి సైగ లేదు. దిగి వచ్చేసరికి ఇద్దరం అలసిపోయేవాళ్ళం."

అక్క బల్బు వేడి ఒక గీత ఎక్కువైందని డబ్బా రేకును కాస్త జరిపింది.

శుక్రవారం ఎనిమిదింటికి చెంచాను తీసి గోరుతో నొక్కారు. గుర్తు పడలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన లేదు. పైవాడు అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. "పదరా, ఆలస్యమవుతుంది" అని విదిలించుకుంది గాని, వెంటనే విదిలించుకోలేదు.

రెండు వీధుల అవతల, గద్ద ఇంటి ముందు గదిలో పెట్టెలు కట్టి ఉన్నాయి. అనుకున్నదానికంటే ముందే వచ్చిన కూతురు వంటింట్లో మిగిలిన సామాను సర్దుతోంది. గద్ద కుర్చీలో కూర్చుని చేతికర్ర మీద గడ్డం ఆనించుకున్నాడు.

"ఎవరు?"

"నేనే బావా. చేతులు చాపు." చుట్టరికం లేకపోయినా రేవులో ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు.

క్రేను ఒళ్ళోకి వచ్చింది. గద్ద వేళ్ళు ముందు చక్రాలను, ఆ తర్వాత కాళ్ళను, నిచ్చెనలను చూశాయి. నెమ్మదిగా ఎక్కుతున్నాయి. "ఓరి బావా! మన క్రేనే!" అన్నాడు. పైవాడు అతని వేళ్ళ కొసలనే చూస్తున్నాడు. పసుపు మరక ఎక్కడా లేదు. గోడకానుకుని నిలబడ్డ అక్క ఊపిరి వదిలింది.

వేళ్ళు పైగదిని చేరి ఆగాయి.

"ఇంత ఇరుకా? నువ్వు రాజుగారిలా కాళ్ళు చాపుకుని కూర్చునేవాడివనుకున్నా."

"మోకాళ్ళు గడ్డానికి తగిలేవి."

"అడుగున ఈ కన్నం ఏంటి?"

"కిందికి చూసే అద్దం. అన్నం పళ్ళెమంత ఉండేది."

"అందులోంచి ఓడ లోపల కనిపించేదా?"

"ఎక్కడ బావా! చీకటి. నువ్వు కనిపించేవాడివి, అంతే. సరుకు ఎక్కడ దిగుతోందో ఏనాడూ చూడలేదు. నీ చేతుల్ని చూసి దించేవాణ్ణి."

గద్ద వేలు ఆ కన్నం అంచు చుట్టూ తిరిగింది.

"పైనుంచి నీకు లోకమంతా కనిపిస్తుందనుకున్నా. నేను ఊరికే చేతులు ఊపుతున్నాననుకున్నా ఇన్నేళ్ళూ. అయితే గుడ్డిగా పనిచేసింది నువ్వన్నమాట!"

"నేనే. నీ కళ్ళతో బతికాను బావా. ఆ దుంగల రోజే చెప్పాల్సింది. చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పావుగా" అన్నాడు గద్ద. నిటారుగా కూర్చున్నాడు. కర్ర జారి నేల మీద పడినా వెతుక్కోలేదు.

కూతురు పాత దుప్పటి పట్టుకుని వచ్చింది. "ఇలా ఇవ్వు నాన్నా, చుట్టి పెట్టెలో పెడతాను."

"వద్దమ్మా, ఒళ్ళోనే ఉండనీ. ఇంకా వెనకవైపు చూడనే లేదు."