మాడు పొంగిన రోజు

నా బిడ్డ శ్రావణి మాడు మీద రోజూ నూనె పెట్టడం ఈ ఇంట్లో నా పని. జ్వరమని రెండు రోజులుగా పిల్లకు నీళ్ళు పోయకపోయినా, నూనె మాత్రం మా అత్తమ్మ రాజవ్వ మానెయ్యనివ్వలేదు. ఐదు నెలల పిల్ల. వేలు పెడితే మెత్తగా ఉండే చోటు ఆ పొద్దున బిగిసి, పైకి ఉబ్బి ఉంది. పాలు తాగగానే కక్కుతోంది. అత్తమ్మతో చెబితే పళ్ళు వస్తున్నాయంది. సకల జనుల సమ్మెలో ఉన్న నా భర్త జైపాల్ జగిత్యాల దీక్షా శిబిరం నుంచి ఫోన్లో, జ్వరానికే ఇంత లొల్లి ఏంది, నీ బైపీసీ తెలివి పిల్ల మీద చూపకు అన్నాడు.

అవును, నాది బైపీసీయే. పెళ్ళితో ఇంటర్ దగ్గర ఆగిపోయింది. మెదడు చుట్టూ మూడు పొరలు, వరాశిక, లౌతికళ, మృద్వి. వాటి నడుమ నీరు, పైన పుర్రె. పసిపిల్లలకు ఆ ఎముకలు ఇంకా కలవవు, ఆ ఖాళీయే మాడు. ఇదంతా నాలుగు మార్కులకు రాశాను. ఈ ఇంట్లో నా తలకు తెలిసినదేదీ ఎవరికీ అక్కరకు రాలేదు. ఎవరి చాయ్‌లో చక్కెర ఎంతో గుర్తుంటే చాలు. శిబిరంలో మైకు పట్టుకుని మన బతుకు గురించి మనమే నిర్ణయించుకోవాలనే మనిషి, నేను పుట్టింటికి ఫోన్ చేసినా ఎందుకని అడుగుతాడు.

సమ్మెతో బస్సులు లేవు. అత్తమ్మను వెంటబెట్టుకుని గంభీరావుపేట నుంచి సిరిసిల్లకు ఆటోలో వెళ్ళాను. పిల్లల డాక్టరు మాడు తడిమి చూసి, మెదడు పొరలకు వాపు వచ్చిందేమోనని, నడుము దగ్గర సూది పెట్టి నీరు తీసి పరీక్ష చేయాలన్నాడు. ఆ మాట వినగానే అత్తమ్మ పిల్లను గుండెకు కరుచుకుంది. నడుములో నీళ్ళు తీస్తే కాళ్ళు పడిపోతాయట, వాడలో ఎవరికో అట్లే అయిందట. ఫోన్లో జైపాల్‌దీ అదే పాట.

"నేను అచ్చేదాంక సంతకం పెట్టకు. సాయంత్రం అస్త."

సాయంత్రం దాకా ఆగలేమన్నాడు డాక్టరు. ఆ వాపే నిజమైతే పిల్ల దక్కకపోవచ్చన్నాడు. కాగితం ముందుకు జరిపి, తండ్రి రాలేదా అమ్మా అని అడిగాడు.

అబద్ధమెందుకు, భయపడ్డాను. కాళ్ళు పడిపోతాయన్న మాట నన్నూ పట్టుకుంది. పిల్లకు ఏమన్నా అయితే బతికినన్నాళ్ళూ అందరూ నన్నే వేలెత్తి చూపిస్తారు. సంతకం పెట్టకపోతే పోయేది పిల్ల. కాళ్ళ సంగతే డాక్టర్ని అడిగాను. వెన్నుపాము పైనే ఆగిపోతుందని, సూది దానికి తగలదని చెప్పాడు. తల్లిని నేనున్నానని సంతకం పెట్టాను. అత్తమ్మ చేతుల్లోంచి పిల్లను తీసుకుని నర్సుకిచ్చాను.

నర్సు చిన్న సీసా తెచ్చి చూపించింది. పిల్ల నడుములోంచి తీసిన నీళ్ళు తేటగా ఉన్నాయి. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. పొరలకు ఏమీ కాలేదు, మామూలు వైరల్ జ్వరమే, మాడు అదే దిగుతుందన్నాడు డాక్టరు. ఎంత నిమ్మళమో, అక్కడే నేల మీద కూర్చున్నాను. అత్తమ్మ ఒళ్ళో శ్రావణి రెండు కాళ్ళతో తపతపా తన్నుతోంది. తన్నవే తల్లీ అంటూ ఆమె కళ్ళు తుడుచుకుంది. అప్పుడు చెప్పింది. జైపాల్ కంటే ముందు పుట్టిన ఆడపిల్ల ఇట్లాగే మాడు పొంగి చనిపోయిందట.

"మీ మామ అచ్చినంక దవాఖానకు పోదమని ఇంట్ల అందరు అన్నరు. ఆయన అచ్చేటాల్లకు అయిపోయింది."

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరితోనూ అనలేదట.

సాయంత్రం జైపాల్ వచ్చాడు. పిల్ల నడుము మీద అతికించిన దూదిని చూశాడు.

"ఎవర్ని అడిగి పెట్టినవ్ సంతకం?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది.

"నన్నడిగింది. నేనే పెట్టుమన్న."

నా కోసం ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. దాని చాటున ఊరుకుంటే ఆ పూటకు గొడవ ఉండేది కాదు. ఆమె చేయి పట్టుకున్నాను.

"లేదు. ఎవర్ని అడుగలే. ఇగ ముందు గూడ అడుగ."